జైనూర్ ఒకటి రెండు మూడు

నా ఉద్యోగం పోయిన సంగతి మా చుట్టాలు ఇప్పటికీ గుసగుసగానే చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో, ఆదివారం చర్చి మెట్ల మీద నన్ను చూడగానే గొంతు తగ్గిస్తారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. నేను దొంగతనం చేసి బయటికి రాలేదు. ఒక పెద్దసారు మాట వినలేదు, ఒక తప్పు నాదేనని పదిమంది ముందు ఒప్పుకున్నాను. ఆ రెండింటికీ కలిపి నన్ను ఇంటికి పంపారు. రేపు అదే కుర్చీలో కూర్చోబెట్టినా నేను అదే చేస్తాను.

అడవి జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి. ఊరి పేరు చెప్పను, చెప్పకపోవడమే నా వృత్తి. బెల్లంపల్లి నుంచి రోజూ పొద్దున రైలెక్కి పోయేదాన్ని. కాగితం మీద నా పదవి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, అదీ కాంట్రాక్టు మీద. ఆసుపత్రిలో అందరికీ మాత్రం నేను కంప్యూటర్లు బాగుచేసే ఆమెను. ఫ్యాను తిరగకపోయినా, ఎవరి ఫోనులోనో పెళ్ళి ఫొటోలు మాయమైనా నన్నే పిలిచేవారు.

ఆరేళ్ళలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. ఎవరైనా వచ్చి "కంప్యూటర్ ఖరాబైంది" అంటే నమ్మకూడదు. అది వాళ్ళ అనుమానం మాత్రమే. ముందు ప్లగ్ చూడాలి, తర్వాత స్విచ్ చూడాలి, ఆ తర్వాత తీగ పట్టుకుని చివరిదాకా పోవాలి. ఓపీ చీటీలు రాసే కౌంటర్లో కంప్యూటర్ రోజూ పదిగంటలకు చచ్చిపోయేది. వైరస్ అన్నారు, దిష్టి అన్నారు, కొత్తది కొనాలని ఫైలు కూడా నడిపారు. నేను పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. ఊడ్చే అవ్వ వచ్చింది, కంప్యూటర్ ప్లగ్ పీకింది, తన ఫోను చార్జింగుకు పెట్టింది. నేను ఆమెకు వేరే బోర్డు చూపించాను. ఆ రోజుతో వైరస్ పోయింది.

రెండో పాఠం గడియారం. కంప్యూటర్ లోపల రూపాయి బిళ్ళంత సెల్ ఒకటి ఉంటుంది. అది అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ కంప్యూటర్ ఎన్నో ఏళ్ళ వెనక్కి పోయి కూర్చుంటుంది. తేదీ తప్పయితే ఏ సైటూ తెరుచుకోదు. జనం నెట్ లేదని గోల పెడతారు. నెట్ శుభ్రంగా ఉంటుంది. అందుకని ప్రతి సోమవారం పొద్దున అన్ని గదులూ తిరిగి, ప్రతి కంప్యూటర్ గడియారాన్నీ సర్వర్ గడియారంతో సరిచూసి ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. "బెల్లంపల్లి మేడం గడియారాలకు హాజరు వేస్తుంది" అని నవ్వేవారు. నవ్వనిచ్చాను.

బెల్లంపల్లి మేడం అన్నానుగదా, అది మా ఆసుపత్రి మర్యాద. అక్కడ ఎవరినీ పేరుపెట్టి పిలవరు. కొత్తగా చేరినవాళ్ళను మొదటి రోజే "మీదే ఊరు?" అని అడుగుతారు, ఇక రిటైరయ్యేదాకా ఆ ఊరే పేరు. మందుల గదిలో ఇచ్చోడామె ఉండేది. ల్యాబులో కరీంనగర్ భాయ్ ఉండేవాడు. కంప్యూటర్లో రోగుల వివరాలు ఎక్కించే ఆపరేటరు జైనూర్ అక్క. మా అందరి మీదా పరిపాలన చూసే ఆయన్ని మాత్రం ఎవరూ ఊరుపెట్టి పిలిచే ధైర్యం చేయలేదు. ఆయన పెద్దసారు.

నేను చేరేనాటికి ఆసుపత్రి మొత్తానికి ఒకటే లాగిన్, ఒకటే పాస్‌వర్డ్. అదీ కౌంటర్లో గోడకు అతికించి ఉండేది, పక్కన దేవుడి క్యాలెండర్. పొద్దున మొదట వచ్చినవాళ్ళు తెరిచేవారు, సాయంత్రం చివర పోయేవాళ్ళు మూసేవారు, మధ్యలో ఎవరు ఏం చేశారో దేవుడికే తెలియాలి. ఒక రోగి రక్తం గ్రూపు మారిపోయి ఉంటే ఎవరు మార్చారని అడిగాను. ఎవరూ మార్చలేదట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం.

నాకు ఆ గోడమీది కాగితం చూస్తే ఒళ్ళు మండేది. దానికి కారణం మా బాపు.

బాపు బొగ్గుబాయిలో ల్యాంపు రూములో పనిచేశాడు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ అంకె కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. ఆ బిళ్ళ కిటికీలో ఇస్తే బాపు నెత్తికి పెట్టుకునే దీపం ఇస్తాడు. షిఫ్టు దిగి పైకి వచ్చి దీపం ఇస్తే బిళ్ళ తిరిగి ఇస్తాడు. కొక్కేనికి ఎన్ని బిళ్ళలు వేలాడుతుంటే కింద అంతమంది ఉన్నట్టు. ఒకసారి ఒకతను బిళ్ళ ఇంట్లో మరిచిపోయి వచ్చి, సెలవులో ఉన్న దోస్తు బిళ్ళ ఇచ్చి దీపం అడిగాడు. బాపు ఇవ్వలేదు. అతనికి ఆ రోజు మస్టర్ పడలేదు, ఆ పూట కూలి పోయింది. సాయంత్రం అతని భార్య మా క్వార్టర్ ముందు నిలబడి బాపును నోటికొచ్చినట్టు తిట్టింది. బాపు గడపలో కూర్చుని అంతా విన్నాడు.

మా అవ్వకు, అంటే అమ్మకు, కోపమొచ్చింది. "ఒక్కపూట ఇస్తే నీ సొమ్మేం పోయె?" అంది.

"పైకప్పు కూలితె బిళ్ళలు జూసి పేర్లు పిలుస్తరు," అన్నాడు బాపు. "ఇంకొకని బిళ్ళ మీద దిగినోని కోసం ఎవడు తవ్వుతడు?"

నాకప్పుడు పదేళ్ళు. ఆ మాట ఆ తర్వాత ఏ కంప్యూటర్ కోర్సులోనూ అంత బాగా ఎవరూ చెప్పలేదు.

అందుకని నాలుగేళ్ళు పోరి, చివరికి నా మాట నెగ్గించుకుని ఆ గోడమీది కాగితం చింపాను. ఎవరి లాగిన్ వాళ్ళకు చేశాను. యుద్ధం మొదలైంది. "మా మీద నమ్మకం లేదా మేడం?" అని ఒకరు, "ఇంట్లోవాళ్ళకే గల్మ తలుపు తాళమేసినట్టున్నది" అని ఒకరు. పాస్‌వర్డ్ గుర్తుండదని అందరూ మొరపెట్టుకున్నారు. అదిగో, అక్కడ నేను జారాను. గుర్తుండాలని, గొడవ వదలాలని, అందరికీ మొదటి పాస్‌వర్డ్ ఒకే పద్ధతిలో పెట్టాను. ఎవరి ఊరి పేరు వాళ్ళది, దాని వెనక ఒకటి రెండు మూడు. "ఇది ఇయ్యాల్టికే, రేపటికల్లా మార్చుకోవాలె" అని, బాపు బిళ్ళల సంగతి కూడా కలిపి, ఒక్కొక్కరికీ చెప్పాను. అందరూ తలూపారు.

ఎవరూ మార్చుకోలేదు. నాకు తెలుసు. ఎవరు మార్చుకున్నారో ఎవరు మార్చుకోలేదో సర్వర్ చెబుతుంది, నేను చూశాను కూడా. మార్చుకున్నది ఇద్దరే. ఒకదాన్ని నేను, రెండో మనిషి పెద్దసారు. మార్చితీరాల్సిందేనని ఒక్క మీట నొక్కితే సర్వరే అందరినీ బలవంతపెట్టేది. కానీ మళ్ళీ గొడవెందుకులే, వచ్చే వారం చూద్దాంలే అనుకుంటూ రెండేళ్ళు గడిపేశాను. పేరుపెట్టి పిలవని ఆఫీసులో, ఊరుపెట్టి పిలిచే ఆఫీసులో, ఊరినే పాస్‌వర్డ్‌గా పెట్టిన తెలివి నాది. ఇంత తెలివి ఇంకెవరికీ రాదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

గుట్టల మీది గూడేల్లో సికిల్ సెల్ అని ఒక రక్తపు జబ్బు ఉంది. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వస్తుంది. రక్తకణాలు కొడవలిలా వంగిపోయి, ఉన్నట్టుండి కీళ్ళు పగిలిపోయేంత నొప్పి లేస్తుంది. ముందుగా తెలిస్తే మందులతో, జాగ్రత్తతో బతుకు నెట్టుకురావచ్చు. తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఊరూరా పిల్లలకు రక్తపరీక్షలు చేస్తారు. పేర్లు ముందే కంప్యూటర్లో ఉంటాయి. పరీక్ష అయ్యాక ఒక్కో పేరు ఎదురుగా ఫలితం ఎక్కించాలి. ఆ ఎక్కించే పని జైనూర్ అక్కది.

ఆమె గోండు మనిషి, నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. ఆ గుట్టల్లో పుట్టి, ఆ గుట్టల నుంచే వచ్చి డిగ్రీ చదివింది. శిబిరాలకు వెళ్ళేటప్పుడు వాళ్ళ భాష తెలిసిన మనిషి కావాలని ఆమెను కూడా జీపులో ఎక్కించుకునేవారు. సూది చూసి ఏడ్చే పిల్లల్ని ఆమె గోండీలో ఏదో చెప్పి నవ్వించేది.

ఒక నెల చివర జైనూర్ వైపు శిబిరం పెట్టారు. ఆ తర్వాత రెండు నెలలకు ఒక తండ్రి ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో రెండు కాగితాలు. ఒకటి మేమిచ్చినది. బిడ్డ నార్మల్ అని అందులో ఉంది. రెండోది ఆదిలాబాద్‌లో పెద్ద ఆసుపత్రిది. బిడ్డ నొప్పితో మెలికలు తిరిగిపోతే అక్కడికి తీసుకుపోయారు, పరీక్ష చేసి జబ్బు ఉందన్నారు. బిడ్డ బతికింది. తండ్రి కౌంటర్ ముందు నిలబడి గొంతు కూడా పెంచకుండా అడిగాడు.

"మీ కాయితం నా బిడ్డకేం లేదన్నది. వాళ్ళ కాయితం ఉన్నదన్నది. మీ కాయితం నమ్మి నేను రెండు నెలలు డాక్టర్ కాడికి పోలే. ఏది నిజం?"

వారం తిరక్కుండా జైనూర్ అక్కకు మెమో వచ్చింది. ఆ ఫలితాలన్నీ ఆమె లాగిన్ నుంచి ఎక్కాయి కాబట్టి, పరీక్ష చేయకుండానే ఫలితాలు రాసింది కాబట్టి, ఉద్యోగం నుంచి ఎందుకు తీసేయకూడదో చెప్పాలని. కింద సంతకం పెద్దసారుది.

ఆమె ఆ మెమో పట్టుకుని నా గదికి వచ్చింది. ఏడవలేదు. "మేడం, ఆ బిడ్డ మా మేనమామోళ్ళ గూడెంది," అంది. "ఉద్యోగం పోతె పోనీ. కానీ నేను ఆ గూడెంల మళ్ళెట్ల అడుగు పెట్టాలె? నేనే అబద్ధం రాసిన్ననుకుంటరు."

ఆమె వెళ్ళగానే తలుపు వేసి సర్వర్ ముందు కూర్చున్నాను. ఎవరి లాగిన్‌తో, ఏ కంప్యూటర్ నుంచి, ఏ రోజు, ఎన్ని గంటలకు ఏం మార్చారో సర్వర్ తనకు తానే రాసిపెట్టుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. ఆ గూడేల పిల్లలందరి ఎదుటా "నార్మల్" అని పడింది శిబిరం జరిగిన రోజే, మధ్యాహ్నం రెండు దాటిన తర్వాత, పావుగంటలో. లాగిన్ జైనూర్ అక్కది. కంప్యూటర్ పెద్దసారు గదిలోది.

ఆ రోజు ఆ సమయానికి జైనూర్ అక్క ఫోన్ సిగ్నలు కూడా అందని గూడెంలో పిల్లల చేతులు పట్టుకుని కూర్చుంది.

నేను ల్యాబుకు పోయి కరీంనగర్ భాయ్‌ని అడిగాను, ఆ రోజు రక్తం సీసాల డబ్బా ఎన్నింటికి వచ్చిందని. ఆయన రిజిస్టరు తెరిచి వేలుపెట్టి చూపించాడు.

"హౌ మేడం, చూడుండ్రి. సాయంత్రం ఆరింటికి వచ్చింది. డబ్బాల మంచు కరిగి సగం సీసాలు ఖరాబైనయ్. పరీక్ష పనికిరాదు, మళ్ళ తీయాలె అని నేను కాయితం రాసి పెద్దసారుకు ఇచ్చిన. జవాబు రాలే."

రక్తం గుట్ట దిగకముందే ఫలితం వచ్చేసింది. నెలాఖరుకల్లా వంద శాతం పూర్తి అని పైకి రాయాలి, అంతే. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటారు?

మర్నాడు పెద్దసారు పిలిపించాడు. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. ఆరేళ్ళలో ఆయన గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

"ఏం మేడం, మీ సర్వర్ ఏదో రాసుకుంటదంట గదా?"

"రాసుకుంటది సార్."

"పాతయన్నీ ఎందుకు? జాగ దండుగ. తీసెయ్యండి."

"తీసెయ్య సార్."

ఆయన నవ్వాడు. "సరే, మీకెందుకు పరేషాన్. ఆ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక కాయితం మీద రాసి నాకియ్యండి. ఆఫీసుకు పెద్దను, నా కాడ ఉండాలె గదా."

"ఇయ్య సార్. మీకు లాగ్ కావాలంటె అడగండి, ప్రింటు తీసిస్త. పాస్‌వర్డ్ మాత్రం ఇయ్య."

నవ్వు పోయింది. "మార్చి నెలల మీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది ఎవరో యాదున్నదా?"

"ఉన్నది సార్. ఇంకోటి గూడ చెప్త. నేను ప్రతి శనివారం సర్వర్‌ది కాపీ తీస్త. ఒకటి ఈ బిల్డింగ్‌లనే లేదు, జిల్లా ఆఫీసుల జమ చేసిన. ఇక్కడ చెరిపినా అక్కడ ఉంటది."

టీ అలాగే వదిలేసి వచ్చాను. భయపడలేదని అబద్ధం చెప్పను. కానీ వరండాలోకి వచ్చాక భయం కన్నా కోపమే ఎక్కువైంది. ఒక బిడ్డ నొప్పిని మూసిపెట్టడానికి నా చేతులు కావాలా?

విచారణకు జిల్లా నుంచి ఒక అధికారిణి వస్తుందని తెలిసింది. నా దగ్గర లాగ్ ఉంది, ల్యాబు రిజిస్టరు ఉంది. గెలుపు మాదే అనుకున్నాను. ముందురోజు సాయంత్రం బాపుకు అంతా చెప్పాను. ఆయన దగ్గుతూ విన్నాడు.

"ఆమె బిళ్ళ మీద ఇంకొకడు దిగిండు. సరే," అన్నాడు. "ఆ బిళ్ళ వాని చేతికెట్ల వచ్చింది?"

అన్నం పళ్ళెం పక్కకు జరిపాను. అప్పటిదాకా నేను దాన్ని చూడనట్టు నటిస్తున్నాను. లాగిన్ అంటే ఊరు, పాస్‌వర్డ్ అంటే ఊరి వెనక ఒకటి రెండు మూడు. పెద్దసారు ఎవరినీ అడగాల్సిన పనిలేదు. "జైనూర్ అక్కను పిలవండి" అని రోజుకు పదిసార్లు అరిచే మనిషికి ఆమె పాస్‌వర్డ్ తెలియకుండా ఎట్లా ఉంటుంది?

విచారణ మీటింగు హాల్లో జరిగింది. అధికారిణి మాట తక్కువ మనిషి. నేను లాగ్ ఇచ్చాను. పెద్దసారు వెంటనే అందుకున్నాడు.

"మేడం, కంప్యూటర్ల టైములు నమ్మేటట్టు ఉండయ్. కరెంట్ పోయి వస్తె తేదీలే మారిపోతయ్."

నేను నోటుబుక్కు తీసి ఆమె ముందు పెట్టాను. ఆ వారం సోమవారం పేజీ. పెద్దసారు గది, గడియారం సరి. పక్కన ఆ గదిలో ఆ పూట ఉన్న అటెండరు సంతకం. గడియారాలకు హాజరు వేసే పిచ్చి ఆ రోజు అక్కరకొచ్చింది. పైగా లాగ్‌లో పడేది సర్వర్ గడియారమేనని కూడా చెప్పాను. కరీంనగర్ భాయ్ తన రిజిస్టరు చూపించాడు. అధికారిణి రాసుకుంది.

పెద్దసారు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "సరే మేడం, ఆమె ఊళ్ళె లేదనుకుందాం. నా గదికి పదిమంది వస్తరు పోతరు. ఎవరికో తన పాస్‌వర్డ్ ఇచ్చి చెప్పిపోయింది. పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇస్తె ఉద్యోగం తీసెయ్యాలె, రూల్ ఉన్నది. ఎట్లజూసినా తప్పు ఆమెదే."

అధికారిణి జైనూర్ అక్క వైపు తిరిగింది. "మీరెవరికైనా చెప్పారా?"

"లేదు మేడం. ఎవలకు చెప్పలే."

"మరి దానంతటదే తెలిసిందా?" అని పెద్దసారు నవ్వాడు. హాల్లో ఇంకొకరిద్దరు కూడా నవ్వారు. జైనూర్ అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూసింది. ఆ నవ్వు విన్నాక నేను కూర్చోలేకపోయాను.

"నేను చూపిస్త మేడం, ఎట్ల తెలుస్తదో," అన్నాను. "ఇక్కడున్నోళ్ళల్ల ఎవరినన్నా లేపుండ్రి. వాళ్ళను ఊరు మాత్రం అడగండి."

ఆమె కొంచెం ఆశ్చర్యపోయి ఒకామెను చూపించింది. "మీదే ఊరమ్మా?"

"ఇచ్చోడ మేడం."

"అక్కా, నీ లాగిన్ తెరవనా?" అని అడిగాను. ఇచ్చోడామె తలూపింది. గోడమీది పెద్ద తెర అందరికీ కనిపిస్తోంది. ఇచ్చోడ, ఒకటి, రెండు, మూడు. తెరుచుకుంది. ఇచ్చోడామె "అయ్యో నా తల్లి" అంది. తర్వాత కరీంనగర్ భాయ్ తనే లేచాడు. కరీంనగర్, ఒకటి, రెండు, మూడు. అదీ తెరుచుకుంది. మూడోది, నాలుగోది. అయిదోదానికి హాల్లో ఎవరూ నవ్వడం లేదు. పెద్దసారు కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఆయనది కూడా చూద్దామా?" అంది అధికారిణి.

"తెరుచుకోదు మేడం. సార్ మొదటి రోజే మార్చుకున్నరు. ఎందుకు మార్చుకోవాల్నో ఇక్కడ అందరికన్నా సార్‌కే మంచిగ తెలుసు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇంతమందికి ఇట్లాంటి పాస్‌వర్డ్‌లు పెట్టిందెవరు?"

ఆ ప్రశ్న వస్తుందని తెలిసే నేను లేచాను.

"నేను మేడం. రెండేళ్ళ కింద. మార్చుకోలేదని గూడ నాకు తెలుసు. బలవంతంగ మార్పించే ఉపాయం నా చేతిల ఉండె, చెయ్యలే. అక్క ఎవరికీ పాస్‌వర్డ్ ఇయ్యలే. ఈ ఆసుపత్రిల అందరికీ నేనే ఇచ్చిన. అట్లనే రాసుకోండి."

ఆమె అట్లాగే రాసుకుంది. నేను చదివి సంతకం పెట్టాను.

నెల రోజుల్లో కాగితాలు వచ్చాయి. జైనూర్ అక్క మీద మెమో రద్దయింది. ఆ గూడేల పిల్లలందరికీ మళ్ళీ రక్తం తీసి పరీక్ష చేయాలని రాశారు. పెద్దసారును ఇంకో ఊరికి బదిలీ చేశారు, అక్కడా పెద్దసారుగానే. నా గురించి ఉన్నది ఒకటే మాట, నిర్లక్ష్యం. నా కాంట్రాక్టు ఇక పొడిగించరు.

ఆ మాట మీద నాకు తగాదా లేదు. అది నిజం. బదిలీ మీద మాత్రం ఉంది, చచ్చేదాకా ఉంటుంది. పిల్లల పేర్ల ఎదురుగా అబద్ధం రాసిన చేతికి ఇంకో కుర్చీ, అలసిపోయి ఒక మీట నొక్కని చేతికి గేటు బయట దారి. ఇదేం లెక్క అని అధికారిణికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. ఇప్పటికీ రాస్తున్నాను.

ఇంటికి వచ్చి కాగితం బాపు చేతిలో పెట్టాను. ఆయన అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"బిళ్ళలన్నీ ఒకే తీరు కొట్టించినవ్ బిడ్డా. ల్యాంపు రూముల నేను గట్ల జేస్తె నన్ను గూడ తీసేద్దురు," అన్నాడు. కాగితం మడిచి నాకిచ్చాడు. "ఐనా నువ్వే చెప్పినవ్. ఇంకొకరితోని చెప్పించుకోలే. పో, కాళ్ళు కడుక్కో, అన్నం తిందాం."

ఇప్పుడు కరీంనగర్‌లో పనిచేస్తున్నాను, ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో. చేరిన మొదటిరోజే అందరి పాస్‌వర్డ్‌లూ సర్వర్‌తోనే బలవంతంగా మార్పించాను. అందరూ తిట్టారు. ఊరి పేరు, పిల్లల పేరు, బండి నంబరు పెడితే తీసుకోదు. పెళ్ళి వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చి పెడితే తెరుచుకోదు. "ఈమెతోని పెద్ద లొల్లి" అని నా వెనక అంటారు. నా మొహం మీదే అనండి, నాకేం ఫికర్ లేదు.

మొన్న మధ్యాహ్నం జైనూర్ అక్క ఫోన్ చేసింది. కొత్త అడ్మిన్ సెలవులో ఉన్నాడట. సైటు తెరుచుకోవడం లేదట, నెట్ ఉందట. మళ్ళీ తీసిన రక్తానికి ఫలితాలు వచ్చాయట. ల్యాబు కాగితాలు ముందు పెట్టుకుని, ఆ గూడేల పిల్లలవి తన చేత్తోనే ఎక్కించాలని కూర్చుందట.

"కింద మూలకు తేదీ చూడు అక్కా," అన్నాను.

"అగో, ఎన్నో ఏండ్ల కిందిది చూపెడుతుంది మేడం."

"సెల్ అయిపోయింది. తేదీ సరిచేసి చూడు, రేపు సెల్ మార్పియ్యి."

సైటు తెరుచుకుంది. కానీ లాగిన్ దగ్గర మళ్ళీ ఏదో ఆగింది. నాకు ప్రెస్సులో పని తరుముతోంది. గొడవ వదిలితే చాలనుకునే ఆరేళ్ళ పాత అలవాటు నోటి చివరే ఉంటుంది గదా, ఆలోచించకుండా అనేశాను.

"నీ పాస్‌వర్డ్ చెప్పక్కా, నేను ఇక్కడి నుంచి ఒకసారి తెరిచి చూస్త."





"చెప్ప మేడం."

"నేనేనే అక్కా."

"మీరైనా సరే, చెప్ప," అంది జైనూర్ అక్క. "ఇవి మా పిల్లల రిజల్టులు. నా బిళ్ళ మీద నేనే దిగుత."